ఫోన్‌లో తెరిచే అమ్మానాన్నల కోసం బడి వెబ్‌సైట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

బడి వెబ్‌సైట్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చే ఆరింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. కొత్త విద్యా సంవత్సరానికి ముందు సైట్ సరిచేసుకోవాలనుకునే బడులకు ఇవి ఉపయోగపడతాయి.

ప్రశ్న: మాది చుట్టుపక్కల పల్లెల పిల్లలు చదివే ఇంగ్లిష్ మీడియం హైస్కూలు. పోయిన ఏడాది బాగానే ఖర్చుపెట్టి వెబ్‌సైట్ చేయించాం. పైన ఐదు ఫొటోలు మారుతుంటాయి, తెరవగానే అడ్మిషన్ల పాప్‌అప్ వస్తుంది, కింద స్క్రోలింగ్ నడుస్తుంది. అయినా ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. రోజూ అవే ప్రశ్నలు. లోపం ఎక్కడుంది?
– కరస్పాండెంట్, ఖమ్మం జిల్లా

జవాబు: మోగుతున్న ఆ ఫోన్ దగ్గరే మొదలుపెట్టండి. దాని పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, ఆరు పనిదినాల పాటు వచ్చిన ప్రతి ప్రశ్ననూ అడిగినవాళ్ల మాటల్లోనే రాయించండి. ‘మూడో తరగతికి ఫీజెంతండీ’, ‘మా ఊరికి బస్సొస్తదా’, ‘రేపు బడి ఉందా’, ‘టీసీ ఎప్పుడిస్తరు’. వారం చివర లెక్కపెడితే నాలుగైదు ప్రశ్నలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మీ హోమ్ పేజీలో ముందుండాల్సినవి వాటి జవాబులే. చైర్మన్ గారి సందేశం, విజన్, మిషన్ వేరే పేజీలో ఉండొచ్చు.

ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే పేజీకి దొరికే వెడల్పు సుమారు 360 నుంచి 410 పిక్సెళ్లు. వేలితో జరపకముందే కనిపించే ఆ మొదటి తెరలో ఏముండాలో ఒక నమూనా చూడండి. బడి పేరు, కింద ఊరు, మండలం. ‘నర్సరీ నుంచి 10 వరకు, ఇంగ్లిష్ మీడియం, స్టేట్ సిలబస్.’ ఆ కింద ‘1 నుంచి 8 తరగతుల్లో సీట్లున్నాయి; 9, 10 తరగతుల్లో లేవు.’ ఆఫీసు వేళలు. నొక్కితే నేరుగా కాల్ వెళ్లే బటన్, పక్కన వాట్సాప్ బటన్. బటన్ల ఎత్తు 44 పిక్సెళ్లకు తగ్గితే పెద్ద వేళ్లకు అందవు. వీటి తర్వాత ఒకే ఒక్క ఫొటో, నిజమైన తరగతి గదిది. కొని పెట్టిన విదేశీ పిల్లల ఫొటోలను తల్లిదండ్రులు ఇట్టే పసిగడతారు.

మారే ఫొటోల సంగతి. ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కొక్కటి సుమారు 4 ఎంబీ ఉంటుంది. ఐదింటిని అలాగే ఎక్కిస్తే 20 ఎంబీ. పల్లెలో సిగ్నల్ రెండు గీతలున్న ఫోన్‌లో అది తెరుచుకునేలోపు మనిషి వెనక్కి వెళ్లి మీకు ఫోన్ చేస్తాడు. పైగా రెండో ఫొటో మీద రాసిన మాట చదువుతుండగానే మూడోది వచ్చేస్తుంది. ఫొటోను 1600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలో దాచితే సాధారణంగా 200 కేబీలోపు వస్తుంది, కంటికి తేడా తెలియదు. హోమ్ పేజీ మొత్తం బరువు 1 ఎంబీ దాటనివ్వకండి. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైట్ చిరునామా ఇస్తే అది మొబైల్‌లో ఎంత వేగంగా తెరుచుకుంటుందో లెక్క వస్తుంది. పేజీలోని ప్రధాన భాగం కనిపించడానికి పట్టే సమయం 2.5 సెకన్లలోపు ఉంటే బాగున్నట్టు.

పాప్‌అప్ తీసేయండి. చిన్న ఫోన్‌లో అది తెరంతా కప్పేస్తుంది, మూసే గుర్తు మూలకు జరిగి వేలికి దొరకదు, చాలామంది ప్రకటన అనుకుని సైటే మూసేస్తారు. స్క్రోలింగ్ కూడా వద్దు. నెమ్మదిగా చదివేవాళ్లు దాన్ని పట్టుకోలేరు. ఆ వార్తనే తేదీ వేసి మామూలు వాక్యంగా పైన పెట్టండి.

ఫీజుల పేజీలో ‘వివరాలకు సంప్రదించండి’ అని రాస్తే ఆ పేజీ పెట్టనట్టే. తరగతివారీగా ఏడాది మొత్తం, ఎన్ని వాయిదాలు, ఏ నెలల్లో కట్టాలి, అందులో కలవనివేవి (పుస్తకాలు, యూనిఫాం, బస్సు) అన్నీ రాయండి. పైన ఏ విద్యా సంవత్సరానికో తప్పకుండా వేయండి. పాత ఏడాది అంకెలు చూసి వచ్చినవాళ్లతో కౌంటర్ దగ్గర గొడవలు ఇక్కడే మొదలవుతాయి. బస్సు పేజీలో మ్యాప్ కన్నా పట్టిక మేలు: రూటు, ఆగే చోట్లు వరుసగా, ఉదయం ఎక్కే సమయం, సాయంత్రం దిగే సమయం. డ్రైవర్ సొంత నంబరు అందరికీ కనిపించేలా పెట్టొద్దు, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జికి బడి ఇచ్చిన నంబరు చాలు.

ఇక నోటీసులు. సంతకం, స్టాంపు వేసిన కాగితాన్ని స్కాన్ చేసి ఎక్కించడం మన బడుల్లో బాగా అలవాటు. ఆ కాగితంలో ‘ఇందుమూలముగా తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా’ అని మొదలై, అసలు విషయం నాలుగో పంక్తిలో వస్తుంది. అంతదాకా చదవాలంటే ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేసి అటూ ఇటూ జరపాలి. అదే మాటను ఇలా టైప్ చేయండి: ‘శనివారం బడి లేదు. సోమవారం మామూలు వేళకే. శనివారం జరగాల్సిన యూనిట్ టెస్ట్ మంగళవారం పెడతాం.’ సంతకమున్న కాపీ కావాలంటే కింద లింకుగా ఇవ్వండి. నోటీసు గడువు తీరాక మొదటి పేజీ నుంచి తీసే బాధ్యత ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించండి. సంక్రాంతి వెళ్లాక కూడా దసరా సెలవులే కనిపిస్తుంటే, అదే సైట్‌లోని ఫీజులనూ ఎవరూ నమ్మరు.

అంతా అయ్యాక ఒక పరీక్ష. చవక ఫోన్ వాడే నలుగురు తల్లిదండ్రులను పిలిచి, బడి వైఫై ఇవ్వకుండా, మూడు పనులు చెప్పండి: అయిదో తరగతి ఫీజు, మీ ఊరి బస్సు వేళ, తర్వాతి సెలవు కనుక్కోమనండి. పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. ఎక్కడ ఆగారో, ఏది తప్పు నొక్కారో రాసుకోండి. 30 సెకన్లు దాటినదేదైనా సరిచేయాల్సిందే.

ప్రశ్న: డీటీపీ వాళ్లు చేసిచ్చిన ప్రాస్పెక్టస్‌లోని తెలుగును సైట్‌లో పేస్ట్ చేస్తే ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. ఫొటోగా పెట్టేయమంటున్నారు. అంతకన్నా దారి లేదా?
– కంప్యూటర్ టీచర్, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: ఉంది. మీ ప్రాస్పెక్టస్ డీటీపీ షాపుల్లో వాడే ‘అను’ అనే ఫాంట్లలో టైప్ చేసి ఉంటుంది. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగులా కనిపిస్తుంది, లేనిచోట కిందున్న ఇంగ్లిష్ గుర్తులు బయటపడతాయి. వెబ్‌కు కావలసింది యూనికోడ్ తెలుగు, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించేది.

ఫొటోగా పెడితే గూగుల్ వెతుకులాటలో ఆ మాటలు సరిగా చిక్కవు, చూపులేనివాళ్ల ఫోన్ వాటిని చదవదు, ఒక్క తేదీ మారినా డీటీపీ షాపుకు పరుగెత్తాలి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ ఫైలు అను ఏ వెర్షన్‌లో చేశారో ముందు అడగండి, వెర్షన్ తప్పితే ఒత్తులు తారుమారవుతాయి. ఒక్కో పేరా మార్చి, అచ్చు కాపీ పక్కన పెట్టుకుని చదవండి. ముఖ్యంగా ఒత్తులు, సున్నలు, అంకెలు, కొటేషన్ గుర్తులు చూడండి. ఫీజు అంకె ఒకటి జారిపోతే ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. నాలుగు పేజీలే అయితే కన్వర్టర్‌తో కుస్తీ పట్టే బదులు ఫోన్ కీబోర్డుతోనో, మాటను అక్షరాలుగా మార్చే సదుపాయంతోనో కొత్తగా టైప్ చేయడమే త్వరగా తెములుతుంది.

ఫాంట్ విషయానికొస్తే, చదివే పాఠానికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ బాగుంటాయి. శీర్షికలకు రామభద్ర వాడొచ్చు. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. సైట్ మొత్తానికి రెండు ఫాంట్లు చాలు, ప్రతి ఫాంటూ పేజీ బరువు పెంచుతుంది.

డిజైనర్ ఇంగ్లిష్ కొలతలతో చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే వరుసలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ‘రాష్ట్రం’, ‘శాస్త్రం’ లాంటి మాటల్లో ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలోని గుడులు, తలకట్లు పైకి లేస్తాయి. అందుకే లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) అక్షరం సైజుకు 1.7 రెట్ల దగ్గర పెట్టండి. అక్షరం సైజు 18 పిక్సెళ్లు. ఇంగ్లిష్ 16లో బాగా కనిపించేచోట తెలుగుకు అంత కావాలి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే లెటర్ స్పేసింగ్ సున్నాలోనే ఉంచండి, పెంచితే కొన్ని ఫోన్లలో ఒత్తు అక్షరం నుంచి విడిపోతుంది.

చిన్నదే అయినా కంటికి గుచ్చుకునే తప్పు ఇంకొకటుంది. ‘వెబ్‌సైట్’ అని రాయబోతే ‘వెబ్సైట్’ అని పడుతుంది. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా అతుక్కోవడం వల్ల ఇలా జరుగుతుంది. దాన్ని ఆపేందుకు యూనికోడ్‌లో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘బ్’ తర్వాత అది పెట్టాలి. మీ కీబోర్డులో దానికి మీట లేకపోతే, సరిగా ఉన్న మాటను ఎక్కడినుంచైనా కాపీ చేసుకుని దాచుకోండి.

తానే తెలుగులోకి మార్చే ట్రాన్స్‌లేట్ బటన్‌ను నమ్ముకోకండి. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, ఫీజు షరతులు దానిలో చెడిపోతాయి. ఫీజులు, బస్సులు, సెలవులు, అడ్మిషన్లు ఈ నాలుగు పేజీలు మనిషి రాసిన తెలుగులో ఉంటే మిగతావి ఇంగ్లిష్‌లో ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్న: మా పాప ఫొటో, పూర్తి పేరు, సెక్షన్, మార్కులు బడి సైట్‌లో పెట్టారు. మమ్మల్ని అడగలేదు. తీయమనొచ్చా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: తప్పకుండా అడగొచ్చు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి రుజువు చేయదగిన అంగీకారం ఇవ్వాలి. చట్టంలోని బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి, పిల్లల విషయంలో నిబంధన పాటించకపోతే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంది. ప్రిన్సిపల్ గారికి రాతపూర్వకంగా, పేజీ చిరునామా, స్క్రీన్‌షాట్ జతచేసి ఇవ్వండి. ‘ఫొటోను పేజీలో కనబడకుండా చేయడమే కాదు, సర్వర్‌లోంచి ఫైలు కూడా తీసేయండి’ అని స్పష్టంగా రాయండి. పేజీలో తీసేసినా ఫైలు లోపల ఉంటే పాత లింకుతో తెరుచుకుంటుంది. బడి ఫేస్‌బుక్ పేజీలో, యూట్యూబ్‌లో కూడా ఉందేమో చూసి అవీ రాయండి.

బడుల వాళ్లకు కూడా ఇక్కడే చెప్పాల్సింది ఉంది. ముఖం, పూర్తి పేరు, తరగతి, ఊరు ఈ నాలుగూ ఒకేచోట పెట్టొద్దు. బడి వదిలే సమయానికి గేటు దగ్గర నిలబడి పాపను పేరుపెట్టి పిలవడానికి ఒక అపరిచితుడికి అంతకన్నా ఏం కావాలి? గుంపు ఫొటో అయితే పేర్లు లేకుండా ‘ఏడో తరగతి సైన్స్ ఫెయిర్’ అని రాయండి. ఫోన్‌తో తీసిన ఫొటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉండొచ్చు. ఎక్కించేముందు లొకేషన్ వివరాలు తొలగించండి. ర్యాంకుల బోర్డు తప్పదనుకుంటే కుటుంబం సంతకం తీసుకుని పేరు, మార్కు మాత్రమే పెట్టండి, హాల్‌టికెట్ నంబరు వద్దు. అడ్మిషన్ ఫారంలో ఫొటోల అంగీకారానికి వేరే గడి ఇవ్వండి, ‘వద్దు’ అన్నవాళ్ల సీటు మీద దాని ప్రభావం ఉండకూడదు.

ఆన్‌లైన్ ఎంక్వైరీ ఫారంలో నాలుగే అడగండి: పిల్లల పేరు, చేరబోయే తరగతి, ఊరు, ఫోన్ నంబరు. ఆధార్ అడగకండి, బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. గూగుల్ ఫారం వాడితే జవాబులు చేరే షీటు షేరింగ్ సెట్టింగ్ తెరిచి చూడండి. ‘లింకు ఉన్న ఎవరైనా’ అని ఉంటే వందలమంది తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు బజార్లో పెట్టినట్టే.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ హైస్కూలు. డబ్బు లేదు. పూర్వ విద్యార్థులు కొందరు అమెరికాలో ఉన్నారు, సైట్ ఉంటే విరాళాలు పంపుతామంటున్నారు. చవకగా ఎలా?
– ప్రధానోపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: గూగుల్ సైట్స్‌లో ఉచితంగా, కోడ్ రాయకుండా చేసుకోవచ్చు. ఐదు పేజీలు చాలు: బడి, అడ్మిషన్లు, ఉపాధ్యాయులు, నోటీసులు, పూర్వ విద్యార్థులు. మొదటి పేజీలో ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ వేయండి. ఆంధ్రప్రదేశ్ కోడ్లు 28తో, తెలంగాణవి 36తో మొదలవుతాయి. ఒకే పేరున్న ఊళ్లు మనకెన్నో ఉన్నాయి కాబట్టి, మీ బడిని తికమక లేకుండా గుర్తుపట్టించేది ఆ కోడే. సొంత చిరునామా కావాలంటే డాట్ ఇన్ పేరుకు ఏడాదికి సాధారణంగా వెయ్యి రూపాయల లోపే. మొదటి ఏడాది తగ్గింపు ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర అడగండి.

ప్రభుత్వ బడుల సైట్లు ఆగిపోవడానికి పెద్ద కారణం బదిలీలు. ఉత్సాహమున్న మాస్టారు తన సొంత జీమెయిల్‌తో సైట్ చేస్తారు, బదిలీ మీద వెళ్తారు, తాళం ఆయనతోనే వెళ్లిపోతుంది. కాబట్టి బడి పేరుతో కొత్త గూగుల్ ఖాతా తెరవండి. రికవరీ నంబరుగా బడి ఫోన్ నంబరు ఇవ్వండి. పాస్‌వర్డ్‌ను సీలు వేసిన కవర్లో చార్జి అప్పగింత కాగితాలతో పాటు ఉంచండి. రెండేళ్లపాటు ఎవరూ లాగిన్ కాని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు, కనీసం ప్రతి టర్మ్‌కూ ఒకసారి తెరవండి.

విరాళాల బటన్ మాత్రం తొందరపడి పెట్టకండి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. చాలా పూర్వ విద్యార్థుల సంఘాలకు ఈ రిజిస్ట్రేషన్ ఉండదు. ఆడిటర్‌ను అడిగాకే ముందుకు వెళ్లండి. ఒక ఉపాధ్యాయుడి సొంత యూపీఐ క్యూఆర్ కోడ్‌ను సైట్‌లో పెట్టడం ఎప్పటికీ వద్దు.

ఆలోపు ఆ పేజీలో అవసరాల జాబితా పెట్టండి. ‘బడి అభివృద్ధికి తోడ్పడండి’ అంటే ఎవరికీ ఏమీ తోచదు. ‘ఎనిమిదో తరగతి బి సెక్షన్‌కు డ్యూయల్ డెస్కులు 12, ల్యాబ్‌కు మైక్రోస్కోపులు 2’ అని రాసి, ఒక్కొక్కటి సమకూరినప్పుడు తేదీతో సహా ‘వచ్చాయి’ అని వేయండి.

ప్రశ్న: మా బడి రంగు పసుపు. సైట్ అంతా తెలుపు మీద పసుపు అక్షరాలు పెట్టాం. చదవలేకపోతున్నామంటున్నారు.
– అడ్మిన్, నెల్లూరు

జవాబు: తెలుపు మీద నిండు పసుపుకు కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా) 1.07:1. మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలి. ఎండలో బస్టాపు దగ్గర ఫోన్ చూసే మనిషికి మీ పేజీ ఖాళీగా కనిపిస్తుంది. అక్షరాలు నలుపు లేదా ముదురు నీలంలో పెట్టి, పసుపును పై పట్టీకి, బటన్ల వెనక రంగుకు వాడండి. పసుపు మీద నలుపు అక్షరం చక్కగా కనిపిస్తుంది.

సీబీఎస్‌ఈ బడులకు ఇక్కడే ఒక మాట: బడి సైట్‌లో తప్పనిసరిగా పెట్టాలని బోర్డు కోరే వివరాల్లో (మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్) సాధారణ సమాచారం, ధ్రువపత్రాలు, ఫలితాలు – అకడమిక్స్, సిబ్బంది, సదుపాయాలు అని ఐదు భాగాలుంటాయి. ఆ లింకు మెనూలో నేరుగా కనిపించాలి. తరచూ జరిగే తప్పులు రెండే: పత్రం గూగుల్ డ్రైవ్‌లో ఉండి తెరిస్తే అనుమతి అడగడం, ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉండడం.

ప్రశ్న: గూగుల్‌లో మా బడి పేరు వెతికితే జపనీస్ అక్షరాలతో ఏవో షాపింగ్ పేజీలు వస్తున్నాయి. సైట్ తెరిస్తే మామూలుగానే ఉంది. చేసిచ్చిన అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు.
– ప్రిన్సిపల్, విశాఖపట్నం

జవాబు: సైట్ హ్యాక్ అయింది. మామూలు మనుషులకు అసలు పేజీ, గూగుల్‌కు దొంగ పేజీలు చూపించే పద్ధతి ఇది. సైట్లు కట్టడానికి చాలామంది వాడే వర్డ్‌ప్రెస్‌లో అప్‌డేట్ చేయని ప్లగిన్ (అదనపు సదుపాయాలిచ్చే చిన్న ప్రోగ్రామ్), ఉచితంగా దొరికిన దొంగ థీమ్, బలహీనమైన పాస్‌వర్డ్ వీటిలో ఏదో ఒకదాని గుండా లోపలికి వస్తారు.

ముందు డొమైన్, అంటే సైట్ చిరునామా, ఎవరి చేతిలో ఉందో చూడండి. డొమైన్ల వివరాలు చూపే హూఈజ్ వెతుకులాటలో అది ఏ కంపెనీలో రిజిస్టర్ అయింది, గడువు ఎప్పుడు అనేవి తెలుస్తాయి. ఖాతా ఆ అబ్బాయి పేరున ఉంటే, చెల్లింపు రసీదులు, బడి గుర్తింపు పత్రాలతో రిజిస్ట్రార్ కంపెనీకి రాయండి. గడువు దాటిపోతే కొన్నాళ్లు రెన్యువల్‌కు అవకాశం ఉంటుంది, ఆ తర్వాతి దశలో రుసుము చాలా రెట్లు పెరుగుతుంది, అదీ దాటితే పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ప్రాస్పెక్టస్ మీద, బస్సుల మీద రాసిన మీ చిరునామా తెరిస్తే జూదం సైట్ రావడం దాకా వెళ్తుంది.

తర్వాత హోస్టింగ్, డేటాబేస్, అడ్మిన్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. తెలియని అడ్మిన్ యూజర్లను తొలగించండి. గూగుల్ వెతుకులాటలో సైట్ ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ను మీ పేరున ధ్రువీకరించుకుని, అక్కడ కొత్త యజమానులు చేరారేమో చూడండి, హ్యాకర్లు తమను తాము చేర్చుకుంటారు. ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు (ప్రోగ్రామ్ కోడ్ ఉండేవి) కనిపిస్తే అవి చాలావరకు వాళ్లవే. అయితే మీ సైట్ 15 పేజీలే అయితే శుభ్రం చేయడం కన్నా, రాతలు, ఫొటోలు బయటికి తీసుకుని కొత్తగా కట్టడం మంచిది. ఒక్క దొంగ ఫైలు మిగిలినా పదిరోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. ప్లగిన్లు లేని సాదా హెచ్‌టీఎంఎల్ పేజీలు చేయించుకుంటే అప్‌డేట్ల బెడద కూడా దాదాపు ఉండదు.

కొత్తగా చేయించేటప్పుడు ఒప్పందంలోనే రాయించండి: డొమైన్ బడి పేరున, బడి ఈమెయిల్‌తో, బడి డబ్బుతో రిజిస్టర్ కావాలి, చివరి వాయిదా ఇచ్చేముందు అన్ని పాస్‌వర్డ్‌లూ, సైట్ పూర్తి కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లోనూ అప్పగించాలి. ఆ పాస్‌వర్డ్‌లతో ప్రిన్సిపల్ గదిలోని కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా లాగిన్ అయి చూశాకే చెక్కు మీద సంతకం పెట్టండి.